ఈస్ట్ పట్టిన రాగి

వంటింటి బల్ల దగ్గర, సోమవారం పొద్దున

మెరుగు బావకి,

ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ?" అని మూడుసార్లు అరిచి పెట్టేస్తావు. నా గొంతూ పోతుంది, నీకు విషయమూ తెలీదు. ముప్పై ఏళ్ళు పాలిష్ చక్రాల పక్కన నిలబడి రెండు చెవులూ వాటికే ధారపోశావు కదా, ఇంక కాగితమే గతి. ఇక్కడ మేం బాగున్నాం. అక్కడ చెవులు తప్ప తతిమ్మావన్నీ నీకు బాగానే పనిచేస్తున్నాయని తలుస్తాను.

బావా, కూర్చుని చదువు. మన పిడుగుకి తన ప్రయోగాన్ని బయట పరీక్షించి చూడ్డానికి అనుమతి ఇచ్చేశారు! ప్రయోగశాల పెద్దలు ఆరుగురు వరసగా కూర్చుని పిల్లని గంటసేపు ప్రశ్నలేశారట. ఒక్కదానికీ తడుముకోలేదట. నేను పదో తరగతి గణితం రెండుసార్లు రాసినవాణ్ణి, నా కడుపున ఇది ఎలా పుట్టిందో అని మీ చెల్లెల్ని అడిగాను. "మా అన్నయ్య పోలిక" అంది. నువ్వు తొమ్మిదితో ఆపావని గుర్తు చేశాను.

ఆ పరీక్ష ఎక్కడ చేస్తుందనుకున్నావు? నీ షెడ్డులోనే. మీ వరసలో తొమ్మిది పూతపని షెడ్లకీ నీళ్ళ ఆఫీసు నోటీసు అంటించింది కదా, తొట్లు కడిగిన నీళ్ళు శుభ్రం చేసి వదలకపోతే షట్టర్లు దించెయ్యాలని. దానికే ఇది మందు కనిపెట్టింది. మందంటే మందు కాదు, ఈస్ట్! నేను ముప్పై రెండేళ్ళు బేకరీలో పిండి పొంగించిన ఆ ఈస్టే.

నాకు అర్థమైనంత చెప్తాను. ఈస్ట్ అంటే కంటికి కనపడనంత చిన్న ప్రాణి. దాని పైతోలుకి రాగి, నికెల్ లాంటి బరువు లోహాల్ని అంటించుకునే గుణం ఉంది. బతికున్నప్పుడే కాదు, చచ్చాక కూడా అంటించుకుంటుందట. అందుకని తేదీ దాటిపోయిన ఈస్ట్ దిమ్మల్ని మా పాత బేకరీ నుంచి తెప్పించి, మరిగించి చంపుతుంది. "అయ్యో, ముప్పై రెండేళ్ళు నాకు అన్నం పెట్టిన ప్రాణే అది!" అన్నాను. "నాన్నా, చచ్చిన ఏనుగే వెయ్యి వరహాలు, దీన్ని తక్కువ చెయ్యకు" అంది. తరవాత సముద్రపు నాచు జిగురులో కలిపి, బొట్టు బొట్టుగా జార్చి, మిరియాలంత గింజలు చేస్తుంది. ఆ గింజల్ని మనిషెత్తు గొట్టంలో నింపుతుంది. కింద నించి నీ తొట్టి నీళ్ళు పోస్తే పై నించి నీళ్ళు ఒక్కటే వస్తాయి, లోహం గింజలకి అంటుకుపోతుంది. ఆనక తేలికపాటి పులుపు నీళ్ళతో కడిగితే నికెల్ వదులుతుంది, గట్టి పులుపు పెడితే రాగి వదులుతుంది. దేనికది విడివిడిగా! నీ రాగి మళ్ళీ నీ తొట్లోకే!

నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఆగిపోతుంది బావా. అటు నించి వచ్చే నీళ్ళలో నువ్వు మొహం చూసుకోవచ్చు, అద్దంలా. రాసిపెట్టుకో.

ఇంకా రాయాలనుంది, పెన్నులో ఇంకు అయిపోతోంది.

నీ రొట్టెల బావ


షెడ్డులో, మూడో తొట్టి పక్కన, శుక్రవారం

రొట్టెల బావకి,

నీ ఉత్తరం చదివి మా పనివాళ్ళందరూ నవ్వారు. నేనే చదివి వినిపించాను, నా గొంతు నాకు వినపడదు కాబట్టి వీధి చివరిదాకా వినిపించిందట. బన్ను పొంగించే పిండి నా నికెల్ తినేస్తుందా? తిని ఏం చేస్తుంది, బన్నులకి మెరుగు పెడుతుందా? ఈ మాట నువ్వన్నావంటే నమ్మను. మేనకోడలు అందంటే నమ్మాలి మరి.

పిల్ల నిన్న వచ్చింది. ప్రయోగశాల వ్యాన్‌లో గొట్టం, స్టాండు, రెండు డబ్బాల గింజలు. వచ్చీ రాగానే కాళ్ళకి బూట్లు, చేతులకి తొడుగులు వేసుకుని, నా పనివాళ్ళకంటే ముందు తొట్లు చూసింది. తలుపు పిడులకి ముందు రాగి పూత, దాని మీద నికెల్ పూత ఎందుకు వేస్తామో అడిగి రాసుకుంది. నా దగ్గర పాతికేళ్ళుగా పనిచేస్తున్న మేస్త్రీ ఏనాడూ అడగలేదు. వాడి ముందే ఆ మాట అన్నాను. వాడికి కోపం వచ్చింది. రానీ.

నాకు పని అప్పజెప్పింది. రోజూ సాయంత్రం తొట్లు కడిగిన నీళ్ళు గొట్టంలోకి వదలాలి. లోపలికి వెళ్ళే నీళ్ళు ఒక సీసా, బయటికొచ్చే నీళ్ళు ఒక సీసా పట్టి, తేదీ రాసి పెట్టెలో పెట్టాలి. శనివారం వ్యాన్ వచ్చి సీసాల్నీ, లోహం పట్టిన గింజల్నీ తీసుకుపోతుంది. ఉత్తరాలు కూడా ఆ పెట్టెలోనే పెడతాను, స్టాంపు అక్కర్లేదు. ఆరు వారాలు. ఆరు వారాల తరవాత నీళ్ళ ఆఫీసులో మీటింగు. అక్కడ తేలుతుంది మా తొమ్మిది షట్టర్ల సంగతి.

ఎంత శుభ్రం అవుతుందని దాన్ని అడుగుదామనుకున్నాను. నువ్వు తొంభై తొమ్మిదని ముందే రాశావు కదా, మళ్ళీ అడిగితే మామయ్యకి నమ్మకం లేదనుకుంటుందని ఊరుకున్నాను.

కవాటం ఎంత తిప్పాలో సుద్దముక్కతో గీత గీసి చూపించింది. నా చేతిలో పెట్టిన పని ఏనాడైనా చెడిందా బావా?

మెరుగు బావ


అదే బల్ల దగ్గర, ఆదివారం

బావా! బావా!

మూడు వారాల సీసాలు కొలిచారు. ఎంతో తెలుసా? తొంభై తొమ్మిది! తొంభై తొమ్మిది మీద చిల్లర కూడా ఉందట, ఆ చిల్లర నాకెందుకులే. నేను ఊరికే అన్న మాట అచ్చంగా నిజమైపోయింది. నా నాలుక మీద మచ్చ ఉందని మా అమ్మ అనేది, నేను నమ్మలేదు.

మంగలి షాపులో సగం క్షవరంలో ఉండగా ఈ కబురు తెలిసింది, మీ చెల్లెలు వచ్చి గుమ్మంలోంచి చెప్పింది. మెడకి గుడ్డతోనే లేచి బయటికొచ్చాను. మందుల షాపు వాడికి చెప్పాను. పోస్టుమాన్‌కి చెప్పాను. మా పాత బేకరీ యజమాని దగ్గరికి వెళ్ళి, "అయ్యా, మీ పాత ఈస్ట్ ఇవాళ ఎక్కడుందో తెలుసా" అని మొదలుపెట్టి గంట చెప్పాను. ఆయన పాపం రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. మంగలి మిగతా సగం పొద్దుగూకి చేశాడు.

ఒక్కటే వెలితి. పిడుగు సరిగ్గా తినడం లేదు. అంకె బాగుంటే మొహం బాగుండొద్దా? గింజల్ని మళ్ళీ మళ్ళీ కడుగుతోంది, తూస్తోంది, కాగితం మీద కొట్టేస్తోంది. "నాన్నా, మామయ్య సీసాలు గొట్టం దగ్గరే నింపుతున్నాడు కదా?" అంది నిన్న. "గొట్టం దగ్గర కాకపోతే నా నెత్తి మీద నింపుతాడా? మీ మామయ్య చెయ్యి పెడితే తుప్పు మేకు కూడా బంగారంలా మెరుస్తుంది" అన్నాను. మళ్ళీ తూకం దగ్గరికి వెళ్ళిపోయింది.

మీటింగుకి నువ్వు రావాలి. ముందు వరసలో మనిద్దరం. నేను చొక్కా ఇస్త్రీకి ఇచ్చాను, మూడు వారాలు ముందే.

నీ రొట్టెల బావ


షెడ్డు, శనివారం

బావకి,

ఉత్తరం అందింది. సంతోషం. ఈ వారం సీసాలు పెట్టెలో పెట్టాను. చెల్లెల్ని అడిగానని చెప్పు. మోకాలు బాగా లేదు, మీటింగుకి రాలేను.

ఉంటాను


నీళ్ళ ఆఫీసు బయట బెంచీ మీద మొదలుపెట్టి ఇంట్లో ముగించాను, గురువారం

బావా,

నువ్వు రాకపోవడం మంచిదో చెడ్డదో నాకు తెలీడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొడుగు బల్ల. ఒకవైపు నీళ్ళ ఆఫీసు అధికారిణి, కళ్ళజోడు తాడు మెడలో వేసుకుంది, నవ్వు అనేది ఎరగదు. రెండోవైపు మీ వరస షెడ్ల యజమానులు ఎనిమిది మంది. ముందు వరసలో నేను, మీ చెల్లెలు. నా చొక్కా ఇస్త్రీ ఎంత గట్టిదంటే వంగితే చప్పుడవుతోంది.

పిడుగు లేచింది. గొట్టం బొమ్మ గోడ మీద చూపించింది. గింజలు చూపించింది. అంకె చూపించింది, తొంభై తొమ్మిది. యజమానులు బల్ల చరిచారు. అధికారిణి కూడా తలూపి పెన్ను తీసింది. సంతకానికి, బావా! పెన్ను మూత తీసిన చప్పుడు నాకు వినపడింది.

అప్పుడు ఇది, "దయచేసి సంతకం చెయ్యకండి" అంది.

నాకు అర్థం కాలేదు. మీ చెల్లెలు నా మోచెయ్యి పట్టుకుంది.

"ఈ అంకె నాకు నమ్మకం లేదు. నీళ్ళలోంచి పోయిన రాగి గింజల్లో దొరకాలి. గింజల్ని పులుపుతో కడిగి ఎన్నిసార్లు తూచినా మూడింట రెండొంతులే దొరికింది. మిగతా వంతు గాల్లో కలవదు. అది గింజల్లో లేదు, బయటికొచ్చిన నీళ్ళ సీసాల్లో లేదు. ఎక్కడుందో నాకు తెలీదు. తెలిసేదాకా ఇది నా ఫలితం కాదు" అంది.

యజమానుల్లో గళ్ళ చొక్కా ఆయన లేచి, "ఏమ్మా, చేతికొచ్చిన ముద్ద నేల పాలు చేస్తావా? ఆవిడ సంతకం పెడుతోంటే నీకేం పోయింది?" అన్నాడు.

"నాకేం పోదండీ, నీళ్ళలోకి పోతుంది" అంది.

అధికారిణి పెన్ను మూత పెట్టేసింది. ఇంకో అయిదు వారాలు గడువిచ్చింది. ఈసారి తేలకపోతే షట్టర్లే, దీని ప్రయోగమూ ఆపెయ్యాల్సిందే.

నిజం చెప్తున్నాను, బయటికొచ్చాక నేను దాన్ని తిట్టాను. మెట్ల మీదే. "అందరి ముందూ నీ పని మీద నువ్వే మన్ను పోసుకుంటావా? నేను వీధిలో ఏ మొహం పెట్టుకుని తిరగాలి?" అన్నాను. అది ఒక్క మాటంది: "నాన్నా, పది కిలోల కలిపిన పిండి పొయ్యిలో పెట్టి నువ్వు పదిహేను కిలోల రొట్టెలు ఎప్పుడైనా తీశావా?"

బెంచీ మీద కూర్చుండిపోయాను. ముప్పై రెండేళ్ళలో ఒక్కసారి తీశాను బావా, తూకం రాయి తప్పుగా ఉన్నప్పుడు. ఆ రోజు మేమెంత సంబరపడ్డామో, మర్నాడు ఎంత సిగ్గుపడ్డామో గుర్తొచ్చింది. కూర్చున్న కొద్దీ నా కోపం దిగిపోయి ఇంకేదో ఎక్కడం మొదలుపెట్టింది. తొమ్మిది మంది యజమానులుండే వరస, అధికారిణి పెన్ను, ఆరు వారాల కష్టం, అన్నీ ఒకవైపు. ఇది ఒక్కత్తీ ఒకవైపు. ఎనిమిది మంది అరుస్తుంటే గొంతు వణకలేదు! ఇది నా కూతురా? ఇంత ధైర్యం నేనెప్పుడూ ఇంట్లోకి తెచ్చిన గుర్తు లేదే!

లేచి వెళ్ళి, మెట్ల మీద తిట్టిన చోటే నించోపెట్టి, నెత్తి మీద చెయ్యి పెట్టాను. కాపలాదారు చూస్తున్నాడు. చూడనీ.

బావా, ఆ మూడో వంతు ఎక్కడ పోయిందో నీకేమైనా తెలుసా? గొట్టం కారుతోందా? పనివాళ్ళు ఎవరైనా కవాటం ముట్టుకుంటున్నారా?

నీ బావ


షెడ్డు, సోమవారం, పనివాళ్ళందరూ వెళ్ళాక

బావా,

గొట్టం కారడం లేదు. ఎవరూ ముట్టుకోలేదు. మూడో వంతు నా దగ్గర ఉంది.

మొదటి రోజు సాయంత్రం గొట్టంలోంచి వచ్చిన నీళ్ళు సీసాలో పట్టాను. వెనకాల తెల్ల కాగితం పెట్టి చూశాను. లేత నీలం. తగ్గింది, చాలా తగ్గింది, కానీ నీలమే. నువ్వేమో మొహం చూసుకోవచ్చని రాశావు. నా మొహం నీలంగా కనపడింది. కవాటం నేనే తప్పు తిప్పాననుకున్నాను. సుద్ద గీత దగ్గరే పెట్టాను, మళ్ళీ చూశాను, గీత నేనే తుడిచేశానేమో అనుకున్నాను. రెండో రోజూ నీలమే. మూడో రోజూ.

పిల్ల నన్ను నమ్మి పెట్టింది. తొంభై తొమ్మిది రావలసినది నా ముసలి చేతుల వల్ల రాలేదంటే, దాని చదువు నా షెడ్డులో మునిగిపోయినట్టే కదా. అందుకని బయటి సీసాల్లో కుళాయి నీళ్ళు నింపాను. మరీ శుభ్రంగా ఉంటే అనుమానం వస్తుందని ఒక్కో సీసాలో చెంచాడు గొట్టం నీళ్ళు కూడా కలిపాను. బుద్ధి అక్కడికి బాగానే పనిచేసింది.

షట్టరు కోసం చెయ్యలేదు. నువ్వు నమ్ముతావో లేదో. షట్టరు పడితే ఇంటికి పోయి మా ఆవిడ తిట్లు వింటూ కూర్చుంటాను, అవీ సగమే వినపడతాయి. పిల్ల తలెత్తుకోవాలని చేశాను. అది తలదించుకుని గింజలు తూస్తోందని నువ్వు రాసినప్పుడు నాకు అన్నం దిగలేదు. చెప్దామని మూడు కాగితాలు చింపాను. పొట్టి ఉత్తరం ఒకటి మిగిలింది, అదే పంపాను.

దానికి నువ్వు చెప్పు. నాకు మొహం లేదు.


బల్ల దగ్గర, గురువారం

బావా,

నీ ఉత్తరం మీ చెల్లెలికి చదివి వినిపించాను. ఆవిడ లేచి వెళ్ళి పొయ్యి మీద ఏమీ లేకుండానే పొయ్యి కట్టేసింది.

ఇప్పుడు నా సంగతి విను. నువ్వు మూడు కాగితాలు చింపావు, నేను చింపకుండా రాస్తాను. పిడుగు నాకు ఏనాడూ తొంభై తొమ్మిది అని చెప్పలేదు. "నాన్నా, మొదటిసారి అరవై అయిదో డెబ్భయ్యో వస్తే పండగే" అంది. అది కూర్చున్న కుర్చీ, నేను తొక్క తీస్తున్న నారింజ, అన్నీ గుర్తున్నాయి. అరవై అయిదు వినడానికి ఏం బాగుంటుంది? బడిలో నాకొచ్చే మార్కుల్లా ఉంది. అందుకని పెన్ను పట్టుకున్నప్పుడు కాస్త పెంచాను. రాసేటప్పుడు నిజమే అనిపించింది కూడా. నువ్వు నీలం నీళ్ళు చూసి చేతులు చెడ్డాయనుకున్నావు. నీ చేతులు సరిగ్గానే ఉన్నాయి బావా. గీత దగ్గరే ఉంది కవాటం. చెడింది నా పెన్ను.

దానికి చెప్పాను. నీదీ చెప్పాను, నాదీ చెప్పాను. నాది ముందు చెప్పాను.

అరుస్తుందనుకున్నాను. లేచి గోడకి తగిలించిన కాగితాల దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి ఏవో కూడుకుంది. "గింజల్లో దొరికింది అరవై ఎనిమిది. సీసాలో పడ్డ చెంచాడు గొట్టం నీళ్ళని బట్టి లెక్క వేస్తే మిగతాది ముప్పై రెండు... నాన్నా, సరిపోయింది! గింజలు అబద్ధం చెప్పలేదు! నా తూకం సరిగ్గానే ఉంది!" అని నన్ను పట్టుకుని ఊపేసింది. మూడు వారాలుగా దానికి నిద్ర లేనిది అంకె కోసం కాదట, తన కొలతే తప్పేమోనని.

ఊపడం అయ్యాక కోపం వచ్చింది. అప్పుడు వచ్చింది చూడు. నేను ఇంకా వంటింట్లోనే ఉన్నాను. మిగతాది అదే రాస్తోంది, ఈ కవరులోనే పెడుతున్నాను. ఓర్చుకో.

నీ బావ


పక్క గదిలో, అదే రోజు

మామయ్యా,

నాకు చాలా కోపంగా ఉంది. ముందు ఆ మాట రాసేస్తే తరవాతవి రాయడం తేలిక.

నీలం నీళ్ళ సీసా నాకు కుళాయి నీళ్ళ సీసా కంటే వంద రెట్లు విలువైనది. నీలంగా ఉందంటే గొట్టం నాతో మాట్లాడుతోందన్నమాట. నువ్వు దాని నోరు మూసేశావు. అధికారిణి సంతకం పెట్టి ఉంటే మీ వరస నీళ్ళన్నీ శుభ్రమైపోయాయని రాసుకునేవాళ్ళు, మూడో వంతు రాగి కాలవలోకి పోతూనే ఉండేది, నా అంకె చూపించి.

నువ్వు ఎందుకు చేశావో నాకు తెలుసు. అందుకే ఇంకా కోపం. పరాయివాడైతే తేలిగ్గా తిట్టేదాన్ని.

ఇప్పుడు వినాలి, అంటే చదవాలి. కొత్త గింజలు పంపుతున్నాను. నువ్వే నింపాలి సీసాలు, మేస్త్రీ కాదు. నీలంగా ఉంటే నీలంగా, ఆకుపచ్చగా ఉంటే ఆకుపచ్చగా, పురుగు పడితే పురుగుతో సహా. ప్రతి సీసా మీద నువ్వు సంతకం చెయ్యాలి. నీ కంటికి ఏం కనపడిందో చీటీ రాయాలి. ముప్పై ఏళ్ళు పూత రంగు చూసిన కన్ను అది, నా యంత్రం కంటే ముందే చెప్తుంది.

ఇంకో మాట. అరవై ఎనిమిది చాలదు. అధికారిణికి తొంభై అయిదు దాటాలి. నాకు తోచింది ఒకటి ఉంది, నీకేమైనా తోస్తే రాయి.

మీ పిడుగు


షెడ్డు, శనివారం

పిడుగుకి, రొట్టెల బావకి, ఇద్దరికీ కలిపి

తిట్లు అందాయి. భద్రంగా పెట్టుకున్నాను.

పన్నెండు సీసాలు, పన్నెండు సంతకాలు. చీటీలు: సోమవారం లేత నీలం. మంగళవారం అంతకంటే లేత. బుధవారం నీలంలో కాస్త ఆకుపచ్చ, ఆ రోజు నికెల్ పని ఎక్కువ. గురువారం మేస్త్రీ తుమ్మాడు, సీసాలో పడలేదు, అయినా రాశాను.

నాకు తోచింది రాస్తున్నాను, నవ్వకు. మేం పిడిని పూత తొట్టిలోంచి తీశాక ఒక్క తొట్టి నీళ్ళలో ఎప్పుడూ కడగం. మూడు తొట్లలో వరసగా ముంచుతాం. మొదటి దాంట్లో చాలా మటుకు వదులుతుంది, రెండో దాంట్లో మిగిలింది, మూడో దాంట్లో అంటీ అంటనట్టు ఉన్నది. పని నేర్చుకునే మొదటి రోజు చెప్పే మాట ఇది. మరి నీ గొట్టం ఒక్కటే ఎందుకుంది? మూడు పెడితే?

మీటింగుకి వస్తున్నాను. మోకాలు బాగానే ఉంది. అప్పుడూ బాగానే ఉంది.

మెరుగు బావ


బల్ల దగ్గర, నువ్వు బస్సెక్కిన మూడో రోజు

బావా,

నువ్వక్కడే ఉన్నావు, నీకేం రాయాలి? కానీ నువ్వు మాట్లాడావే గాని ఎవరేం అన్నారో సగం వినలేదు. వినని సగం నేను రాయకపోతే ఎవరు రాస్తారు?

నువ్వు లేచి, "ఆ సీసాల్లో నీళ్ళు పోసింది నేనే" అన్నప్పుడు నీ మామూలు గొంతుతో అన్నావు, అంటే పక్క భవనంలో కూడా విన్నారు. కిటికీలోంచి ఇద్దరు తొంగి చూశారు. గళ్ళ చొక్కా ఆయన తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. నేను కూడా లేచాను, నువ్వు చూడలేదు. "తొంభై తొమ్మిదని ముందు కూసింది నేను" అన్నాను. అధికారిణి, "మీరెవరు?" అంది. "ఈమె తండ్రినండీ" అన్నాను. "అయితే కూర్చోండి" అంది. కూర్చున్నాను.

తరవాత పిడుగు అరవై ఎనిమిది చూపించింది. గింజల్లో దొరికిన రాగి, నీళ్ళలో మిగిలిన రాగి, రెండూ కలిపితే పోసిన రాగి. గ్రాము అటూ ఇటూ కాకుండా. బల్ల మీద రెండు చిన్న సీసాలు పెట్టింది, ఒకటి నీలం, ఒకటి ఆకుపచ్చ: విడదీసిన రాగి, విడదీసిన నికెల్. అప్పుడు నీ మూడు తొట్ల సంగతి నువ్వు చెప్పావు. యజమానులందరికీ ఒక్క క్షణంలో అర్థమైపోయింది బావా! ఎవడూ ప్రశ్న అడగలేదు. మొదటి గొట్టం వందలో ముప్పై రెండు వదిలితే, రెండోది అందులో పది వదిలితే, మూడోది మూడు. నేను కూడా వేళ్ళ మీద వేశాను, సరిపోయింది. కిందటి వారం మూడు గొట్టాలు పెట్టి చూస్తే తొంభై ఆరు వచ్చిందని అది కాగితం చూపించింది.

నీకు వినపడనిది ఇది. బయటికొస్తుంటే దాన్ని అడిగాను: "మూడు గొట్టాల సంగతి మీ మామయ్య చెప్పేదాకా నీకు తట్టలేదా?" నవ్వింది. "మొదటి నివేదికలో నలభయ్యో పేజీలో రాశాను నాన్నా. ఎవరూ అంతదాకా చదవలేదు. మామయ్య తొట్టి అన్నాడు, అందరూ విన్నారు" అంది. మరి నీకెందుకు చెప్పలేదంటే, "ఆయన కనిపెట్టాడు కూడా కదా" అంది. బావా, ఈ గుణం మాత్రం ఎవరి పోలికో నాకు నిజంగా తెలీదు.

సంతకం అయింది. ఈసారి పెన్ను మూత తీసిన చప్పుడు వినపడలేదు, నాకు కళ్ళు మసకబారితే చెవులు కూడా పనిచేయవు, నీకంటే అధ్వాన్నం. తొమ్మిది షెడ్లకీ మూడేసి గొట్టాలు. దీని ప్రయోగం ఇంకో మూడేళ్ళు. అధికారిణి వెళ్తూ వెళ్తూ దాని భుజం తట్టి, "మొదటిసారి వద్దన్నారే, అందుకే ఇప్పుడు పెట్టాను" అంది. ఈ మాట నేను ఇప్పటికి ఎంతమందికి చెప్పానో లెక్క లేదు. ఒక్క అక్షరం కలపలేదు. కలపాల్సిన అవసరం లేకుండా పోయింది.

ఇంకొకటి. పిడుగు నివేదిక నిన్న అచ్చయి వచ్చింది. పదకొండో పేజీ, కింది నించి మూడో వరస. మొదటి ఆరు వారాల ఫలితాలు ఎందుకు తీసేశారో రాసింది: "ప్రయోగం చేసినవారి తండ్రి ముందుగా ఎక్కువ చేసి చెప్పిన అంకె వల్ల, నమూనాలు పట్టినవారు తమ పనిలో లోపం ఉందనుకుని నీళ్ళు మార్చారు." అంతే. మెత్తగా లేదు, గట్టిగా లేదు. ఉన్నది ఉన్నట్టు.

చదివి మొదట, "తీసెయ్యకూడదా అమ్మా?" అన్నాను. "తీసేస్తే మళ్ళీ మూడో వంతు కనపడకుండా పోతుంది నాన్నా" అంది. ఆ సాయంత్రం మళ్ళీ చదివాను. ఇప్పుడు ఎవరైనా తీసేస్తామంటే నేనే ఊరుకోను. నా జన్మలో అచ్చులో పడ్డ మొదటి వాక్యం, అందులో మనిద్దరం ఉన్నాం, తప్పులతో సహా, మన పిల్ల రాసిన మాటల్లో.

ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ పేజీ తీసి చూపిస్తున్నాను. మీ చెల్లెలు విసిగిపోయి, "దానికి ఫ్రేము కూడా కట్టించుకుంటారా ఏం?" అంది.

ఇచ్చాను బావా. ఫ్రేములవాడు శనివారానికి ఇస్తానన్నాడు. రెండు చెప్పాను, ఒకటి నీకు.

నీ రొట్టెల బావ